అన్నీ వేసి చూద్దాం!

ఉప్పు తగ్గించమన్నారు, నూనె తగ్గించమన్నారు. రుచి తగ్గించమని మాత్రం ఏ డాక్టరూ అనలేదు. ఆ రుచి ఎక్కడి నుంచి రావాలో మన వంటింట్లోని పోపుల పెట్టెకు ఎప్పుడో తెలుసు.

నాన్నకు బీపీ అని తేలిన వారం మా ఇంట్లో అన్నాల దగ్గర మాటలు తగ్గిపోయాయి. ఆవకాయ జాడీ అటకెక్కింది. అప్పడాల డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. అమ్మ కూరలో ఉప్పు సగం చేసింది, నూనె అంతకన్నా తగ్గించింది. మూడో రోజు మధ్యాహ్నం సొరకాయ కూర కలుపుకొని రెండు ముద్దలు తిన్నాక నాన్న కంచం కాస్త ముందుకు జరిపారు. "ఇలాగైతే బీపీ తగ్గుతుందో లేదో గానీ, నేను మాత్రం తగ్గిపోతాను" అన్నారు.

అమ్మ బదులు చెప్పలేదు. లేచి వెళ్లి పోపు గరిటె పొయ్యి మీద పెట్టింది. చిన్న చెంచాడు నూనె. అది కాగాక అర చెంచా ఆవాలు. అవి చిటపటలాడి సద్దుమణిగాక జీలకర్ర, తుంచిన రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చివర్లో కరివేపాకు, ఇంగువ. అదంతా సొరకాయ కూర మీద చుయ్యిమని పోసి, టక్కున మూత పెట్టేసింది. నిమిషం ఆగి మూత తీసి, అరచెక్క నిమ్మకాయ పిండింది.

నాన్న మళ్లీ కలుపుకున్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అమ్మకేసి అనుమానంగా చూశారు.

"ఉప్పు వేశావు కదూ?"

"ఒక్క రవ్వ వెయ్యలేదండీ."

ఆయన నమ్మలేదు. కానీ మజ్జిగన్నం దాకా మారుమాట్లాడకుండా తిన్నారు.

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు" అన్నదట ఉప్పు. ఎన్ని దినుసులు వేసినా తను లేకపోతే వంట వంటే కాదని దాని ధీమా. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే మనం ఆ సామెతలో రెండో సగాన్నే పట్టుకున్నాం. కూర చప్పగా అనిపిస్తే చెయ్యి ముందు ఉప్పు డబ్బాకేసి వెళుతుంది. ఇంకా రుచి కావాలంటే నూనె సీసాకేసి. పక్కనే ఏడు గిన్నెల పోపుల పెట్టె మూత తీసి ఉంటుంది. దానివైపు చూడం. అసలు ఆ 'అన్నీ' సరిగ్గా వేసి చూశామా అన్నదే ఈ కథనం అడిగే ప్రశ్న.

చెంచాలో పట్టేంతే

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు గీసిన గీత రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే 2 గ్రాముల లోపు సోడియం. హైదరాబాద్‌ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఆ 5 గ్రాముల దగ్గరే ఆగమంటాయి. గీసి కొలిస్తే ఒక చిన్న చెంచాడు. పొద్దున ఇడ్లీలోకి చట్నీ, మధ్యాహ్నం పప్పు, కూర, చారు, పెరుగన్నంలోకి ఊరగాయ ముక్క, సాయంత్రం గుప్పెడు మిక్చరు, రాత్రి మళ్లీ కూర... అన్నీ ఆ ఒక్క చెంచాలోనే సర్దుకోవాలి. మామూలుగా తినే తెలుగింట్లో అది ఏ మధ్యాహ్నానికో నిండిపోతుంది.

సైంధవ లవణం వాడుతున్నాం కదా అంటారు కొందరు. గులాబీ రంగుదైనా, రాళ్లుప్పైనా, మెత్తటి ప్యాకెట్టుదైనా ఉప్పులో ఎక్కువభాగం సోడియం క్లోరైడే. రంగు మార్చినంత మాత్రాన లెక్క మారదు. పైగా అయోడిన్‌ కలపని ఉప్పయితే ఆ లాభమూ పోతుంది. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పులు బజారులో దొరుకుతున్నాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా వాటి జోలికి పోకూడదు.

మరి నాలుక ఊరుకుంటుందా? కొన్నాళ్లు ఊరుకోదు. కానీ ఉప్పు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొన్ని వారాల్లో నాలుక ఆ కొత్త కొలతకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత పాత కూరే ఉప్పగా తోస్తుంది. కష్టమల్లా మధ్యలో ఉండే ఆ కొన్ని వారాలే. చాలా ఇళ్లలో పథ్యం చెడిపోయేది అక్కడే. ఆ వంతెన దాటించే పని పోపుల పెట్టెది.

దీన్ని కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని బాల్టిమోర్‌లో 55 మంది పెద్దవాళ్లతో చేసిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. అందరికీ నాలుగు వారాలు తక్కువ ఉప్పు భోజనం పెట్టారు. తర్వాత సగంమందిని వాళ్ల దారికి వదిలేసి, మిగతా సగంమందికి మసాలా దినుసులతో, సువాసన ఆకులతో వండుకోవడం నేర్పారు. 20 వారాలు తిరిగేసరికి నేర్చుకున్నవాళ్లు మిగతావాళ్ల కన్నా రోజుకు సుమారు 950 మిల్లీగ్రాముల సోడియం తక్కువ తింటున్నారు. అది రెండున్నర గ్రాముల ఉప్పుకు కాస్త తక్కువ. ఆ అధ్యయనానికి డబ్బు ఇచ్చింది మసాలాల వ్యాపారసంస్థకు చెందిన పరిశోధన విభాగం అన్న సంగతీ చెప్పుకోవాలి. అయినా ఫలితంలో వింతేమీ లేదు. వంట నేర్చుకున్నవాడికి ఉప్పుతో పని తక్కువ.

చుయ్యిమన్న చప్పుడులో చదువు

జలుబు చేసి ముక్కు దిబ్బడేసినప్పుడు గుత్తొంకాయ కూర కూడా గడ్డి తిన్నట్టే ఉంటుంది. అప్పుడు నాలుకకు ఏ లోటూ లేదు. ఉప్పు, పులుపు, తీపి, చేదు దానికి తెలుస్తూనే ఉంటాయి. పోయింది వాసన. మనం రుచి అని పిలిచే దానిలో పెద్ద వాటా ముక్కుదే. మసాలా దినుసుల బలమంతా అక్కడే.

జీలకర్ర, ధనియాలు, ఇంగువ, కరివేపాకు... వీటిలో వాసన ఇచ్చే పదార్థాలు చాలావరకు నూనెలో కరిగేవి, తేలిగ్గా ఆవిరైపోయేవి. నీళ్లలో వేసి గంటసేపు ఉడికిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది. అంటే కూరలో ఉండాల్సింది గాలిలో కలిసిపోయిందని అర్థం. అదే కాగిన చెంచాడు నూనెలో పడితే ఆ వాసన క్షణాల్లో నూనెలోకి దిగుతుంది. ఆ నూనె కూర అంతటికీ పట్టుకుంటుంది. తాలింపు అనండి, తిరగమోత అనండి, పోపు అనండి, ఊరు మారితే పేరు మారుతుంది గానీ లోపలి కిటుకు ఇదే.

పోపు మొదట పెట్టాలా, చివర పెట్టాలా? నూనె తగ్గించాలనుకున్నవాళ్లకు ఈ ప్రశ్న ముఖ్యం. బాణలిలో నాలుగు చెంచాల నూనె పోసి, పోపు వేయించి, దానిలోనే కూరముక్కలు పోసి అరగంట మగ్గిస్తే వాసన సగం మూకుట్లోనే పోతుంది. ముక్కలను మూత పెట్టి సొంత నీటితోనో, ఆవిరి మీదో మగ్గనిచ్చి, దించే ముందు ఒక్క చెంచా నూనెతో పోపు పెట్టి మూసేస్తే ఆ ఒక్క చెంచాడూ నాలుగింటి పని చేస్తుంది. చిన్న చెంచాడు నూనె అంటే 45 కేలరీల లోపు. రోజుకు మూడు కూరల్లో మూడేసి చెంచాలు మిగిలితే నెల తిరిగేసరికి నూనె డబ్బాయే చెబుతుంది తేడా.

వరస కూడా ఊరికే పెట్టింది కాదు. ఆవాలకు గట్టి పెంకు. నూనె బాగా కాగితేనే పేలతాయి. మినపప్పు, శనగపప్పు దోరగా వేగడానికి కాస్త సమయం పడుతుంది. జీలకర్ర పల్చన, క్షణాల్లో రంగు మారుతుంది. ఎండుమిర్చి మాడితే గొంతు పట్టేస్తుంది. మెంతులు ఎర్రబడితే కమ్మన, నల్లబడితే చేదు. పసుపు, కారం లాంటి పొడులు మంట ఆపేశాకే వెయ్యాలి. ఆ వేడి చాలు వాటికి. కరివేపాకు తడి ఉంటే చిందుతుంది, తుడిచి వెయ్యాలి. అమ్మమ్మలు ఇదంతా చెవులతో నేర్చుకున్నారు. ఆవాల చప్పుడు ఆగడమే వాళ్లకు గడియారం.

ఆవగింజకు రెండు గొంతులు

పోపుల పెట్టెలో అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా చిత్రమైనది ఆవగింజ. నూనెలో వేస్తే కమ్మగా, వేరుశనగ గింజలాగా ఉంటుంది. అదే నీళ్లు చిలకరించి నూరితే ముక్కుపుటాలు అదిరిపోతాయి. గింజలో ఘాటు తయారుగా ఉండదు. ఘాటుకు ముడిసరుకు ఒకచోట, దాన్ని ఘాటుగా మార్చే ఎంజైము మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజ చిదిమి తడి తగిలినప్పుడే అవి కలుసుకుంటాయి. కాగిన నూనె వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, అందుకే పోపులో ఆవాలు సాధువులు.

ఆవపెట్టిన కూర అంటే ఈ రహస్యాన్ని వాడుకోవడమే. అరటికాయ గానీ, పనసపొట్టు గానీ, కంద గానీ ఉడికించి, చింతపండు పులుసు కాస్త పట్టించి, పోపు పెట్టి దించేస్తారు. వేడి తగ్గాక అప్పుడే నూరిన ఆవముద్ద కలుపుతారు. పొయ్యి మీద ఉండగానే కలిపితే ఘాటు చచ్చి, చేదు మిగులుతుంది. ఈ కూరకు నూనె పెద్దగా అక్కర్లేదు. పులుపు, ఘాటు రెండూ ఉన్నాయి గనుక ఉప్పు సగం వేసినా లోటు తెలియదు. పెళ్లి భోజనాల్లో విస్తరి నిండా ఎన్ని ఉన్నా ఆవపెట్టిన పనసపొట్టు కూర దగ్గర చెయ్యి ఆగేది అందుకే.

మిరియం వెళ్లి మిరప వచ్చే

మిరపకాయ లేని తెలుగు వంటను ఊహించలేం. కానీ అది మన నేలకు వచ్చి అయిదు వందల ఏళ్లు దాటి ఉండదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలెక్కి పదహారో శతాబ్దంలో మన దేశానికి చేరింది. అంతకు ముందు కారమంటే మిరియాలే. కొత్తగా వచ్చిన కాయకు మన భాష పాత మిరియానికి దగ్గరి పేరే పెట్టుకుంది. ఆ పాత రుచి ఇప్పటికీ మిరియాల చారులో, కట్టుపొంగలిలో బతికే ఉంది.

కారం నిజానికి రుచి కాదు. మిరపలోని క్యాప్సైసిన్‌ నాలుక మీద వేడిని, నొప్పిని పసిగట్టే గ్రాహకాలను తట్టి లేపుతుంది. ఈ క్యాప్సైసిన్‌ సాయంతోనే ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్‌ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్ర నోబెల్‌ బహుమతిలో వాటా దక్కింది. కారమంతా గింజల్లో ఉంటుందనుకుంటాం. ఉండేది గింజలు అంటిపెట్టుకున్న తెల్లటి పొరలో. కడుపులో మంట ఉన్నవాళ్లు గింజలు దులిపినా కారం తగ్గలేదని వాపోయేది ఇందుకే. ఆ పొర కూడా గీరేసి వాడి చూడండి.

చైనాలో 606 మంది మీద చేసిన ఒక పరిశోధన 2017లో వచ్చింది. కారం ఇష్టపడేవాళ్లు ఉప్పు తక్కువ తింటున్నారని, వాళ్ల రక్తపోటు కూడా కాస్త తక్కువగా ఉందని అందులో తేలింది. కారం తగిలినప్పుడు మెదడు ఉప్పదనాన్ని ఎక్కువగా పసిగడుతుందని ఆ పరిశోధకుల వివరణ. ఇది చదివి గుంటూరు జిల్లావాళ్లం సంబరపడే లోపు ఒక్క క్షణం ఆగాలి. మన కారం ఒంటరిగా రాదు. ఆవకాయలో కారం, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమపాళ్లలో ఉంటాయి. గోంగూర పచ్చడైనా, మాగాయైనా నిలవ ఉండేది ఉప్పు బలం మీదే. కాబట్టి కారం పేరుతో ఊరగాయ తింటే లెక్క తలకిందులవుతుంది. అదే కూర మీద చల్లుకునే వెల్లుల్లి కారమో, పులుసులో వేసిన పచ్చిమిర్చో అయితే ఆ లాభం మనకూ దక్కొచ్చు.

రంగు కోసం కారం ఎక్కువ వేసేవాళ్లకు ఇంకో దారి ఉంది. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం ఘాటుకు పేరు పడ్డది. 2025లో అదే గుర్తింపు దక్కించుకున్న వరంగల్‌ చపాటా మిర్చి గుండ్రంగా, టమాటాలా ఉంటుంది. రంగు దండిగా, కారం తక్కువగా ఇస్తుంది. పిల్లలున్న ఇంట్లో రెండు రకాలూ కలిపి పట్టించుకుంటే కూర ఎర్రగానే ఉంటుంది, కళ్లలో నీళ్లు మాత్రం రావు.

పులుపు తోడు, పొడి నీడ

మసాలా ఒక్కటే ఉప్పు లోటు తీర్చలేదు. దానికి పులుపు తోడు కావాలి. ఈ జత కట్టడంలో మనవాళ్లు ఆరితేరినవాళ్లు. తెలంగాణ పచ్చిపులుసు చూడండి. చింతపండు పిసికిన నీళ్లు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, నిప్పుల మీదో మంట మీదో కాల్చిన మిర్చి, వేయించి నూరిన నువ్వుల పొడి, జీలకర్ర, కొత్తిమీర. పొయ్యి వెలిగించే పని పెద్దగా లేదు. నూనె పోపులో అర చెంచా, లేకపోయినా లోటు లేదు. పుల్లగా, కాలిన వాసనతో, నువ్వుల కమ్మదనంతో అది నాలుకను ఎంత పనిలో పెడుతుందంటే ఉప్పు గురించి ఆలోచించే తీరికే ఉండదు.

చారుది ఇంకో పద్ధతి. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలి. మెత్తటి పొడి అయితే చారు గుజ్జవుతుంది, వాసనా తొందరగా పోతుంది. ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. మరిగే కొద్దీ చారు చిక్కబడుతుంది, ఉప్పదనం పెరుగుతుంది, మిరియం వాసన ఎగిరిపోతుంది. ఉప్పు చివర్లో, దించాక వేసి రుచి చూసుకోవాలి. ముందే వేస్తే ఎంత వేశామో గుర్తుండదు.

ఇక వేపుడు. తెలుగువాళ్లను దొండకాయ వేపుడు మానెయ్యమని ఎవరూ అడగలేరు. కానీ వేపుడులో మనకు నచ్చేది నూనె కాదు. ఎర్రబడిన అంచు, పైన చల్లిన కారప్పొడి. ముక్కలను మూత పెట్టి ముప్పావు వంతు మగ్గించి, తర్వాత మూత తీసి చెంచాన్నర నూనెతో పెద్ద మంట మీద అంచులు ఎర్రబడనిచ్చి, దించాక కొబ్బరి, వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి కలిపి దంచిన కారం చల్లితే ఆ రెండూ దొరుకుతాయి. ఉప్పు కూడా ఆ పొడితో పాటే చల్లాలి. ముక్క లోపలికి ఇంకిన ఉప్పు కన్నా పైన అంటిన ఉప్పు నాలుకకు ముందు తగులుతుంది. తక్కువతోనే సరిపోతుంది.

కొర్రలు, సామలు, జొన్నలు ఆరోగ్యమని కొనుక్కొచ్చి, రెండు రోజులకే డబ్బా మూలకు నెట్టేసేవాళ్లు ఎక్కువ. తెల్లన్నం లాగా అవి దేనితోనైనా కలిసిపోవు, వాటికి సొంత మట్టివాసన ఉంటుంది. ఆ వాసనను దాచాలని చూడకుండా దానికి జోడీ వెతకాలి. కొర్రలకు పెసరపప్పు, మిరియాలు, అల్లం, జీలకర్ర చక్కగా అతుకుతాయి. జొన్నరొట్టెకు వెల్లుల్లి కారం. సామలకు వాము, కరివేపాకు పోపు. చప్పగా ఉందని తిట్టుకునే తిండి చాలావరకు ఒంటరి తిండి.

కూరలో కరివేపాకును పక్కకు తీసి పారేస్తాం. ఆ తీసిపారేసిన దాన్నే ఎండబెట్టి, వేయించిన ధనియాలు, మినపప్పు, ఎండుమిర్చి, కాస్త చింతపండు, వెల్లుల్లితో దంచితే కరివేపాకు కారం. కందిపప్పు దోరగా వేయిస్తే కందిపొడి. అవిసె గింజలు, నువ్వులు, పల్లీలు, ఏవైనా సరే పొడిగా మారి మొదటి ముద్దలో కలుస్తాయి. అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లో బట్టల మధ్య దాక్కుని వెళ్లేవి ఇవే. ఒక్కటే జాగ్రత్త. పొడిలో ఉప్పు సగమే వేసి దంచండి. కావాలంటే కంచంలో కలుపుకోవచ్చు. సీసాలో పడ్డ ఉప్పును తీసెయ్యడం ఎవరి తరమూ కాదు.

పోపుల పెట్టె మందుల పెట్టె కాదు

పొద్దున్నే ఫోను తెరిస్తే పసుపుతో క్యాన్సర్‌ మాయం, మెంతులతో షుగరు మాయం అన్న సందేశాలు. వాటి వెనక పరిశోధనలు లేకపోలేదు. లేనిది కొలత.

మిరియాలతో కలిపి తింటే పసుపు ఒంటికి రెండు వేల శాతం ఎక్కువగా పడుతుందన్న మాట 1998లో బెంగళూరు సెయింట్‌ జాన్స్‌ వైద్యకళాశాల పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం నుంచి వచ్చింది. వాళ్లు మనుషులకు ఇచ్చింది పసుపు కాదు. పసుపు నుంచి విడదీసిన కుర్కుమిన్‌ 2 గ్రాములు, మిరియాల నుంచి తీసిన పైపరిన్‌ 20 మిల్లీగ్రాములు. పసుపులో కుర్కుమిన్‌ నూటికి మూడు పాళ్లు అటూఇటూగా ఉంటుంది. ఆ 2 గ్రాములు రావాలంటే 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. పప్పులో మనం వేసేది చిటికెడు. మెంతుల సంగతీ అంతే. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో మధుమేహులకు రోజుకు 100 గ్రాముల మెంతిపిండి, అదీ కొవ్వు తీసినది, ఇచ్చి రక్తంలో చక్కెర తగ్గడం గమనించారు. మన పోపులో పడేవి పది గింజలు.

దీన్ని నిరాశగా తీసుకోనక్కర్లేదు. ఆ పది మెంతి గింజలు చేసే పని వేరే ఉంది. అవి కాకరకాయ పులుసుకు రుచి తెస్తాయి. ఆ రుచి వల్ల మనం ఇంకో గరిటెడు కాకరకాయ తింటాం, ఇంకో చెంచా నూనె మానేస్తాం. ఇంటివంటలో మసాలా దినుసు చేసే మేలు చాలావరకు ఇలా చుట్టుదారిలో వస్తుంది. మాత్రలు మానేసి మెంతులు నమిలేవాళ్లకు, గుళికల రూపంలో కుర్కుమిన్‌ మింగేవాళ్లకు ఈ సంగతి గట్టిగానే చెప్పాలి. పసుపు గుళికలతో కాలేయం దెబ్బతిన్న రోగులను వైద్యులు చూశారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అలాంటివి మొదలుపెట్టకూడదు. దాల్చినచెక్క పేరుతో బజారులో ఎక్కువగా దొరికేది కాసియా బెరడు. మందంగా, గరుకుగా ఉంటుంది. అందులోని కౌమరిన్‌ మోతాదు మించితే కాలేయానికి చెరుపు. బిరియానీలో వేసే ముక్కతో భయం లేదు. రోజూ చెంచాలకొద్దీ పొడి నీళ్లలో కలుపుకుని తాగడం మాత్రం వద్దు.

కొనే ముందు... దాచే ముందు...

పసుపు: గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకు దిగి, నీళ్లు లేత పసుపుగా మిగులుతాయి. రంగు కలిపితే నీళ్లన్నీ ముదురు పసుపే. కొమ్ములు కొని పట్టించుకోగలిగితే ఈ బాధే ఉండదు. జాతీయ పసుపు బోర్డు కేంద్రంగా ఉన్న నిజామాబాద్‌, అటు దుగ్గిరాల, రెండూ మన ముంగిట్లోవే.

ఆవాలు: బ్రహ్మదండి గింజలు కలిసే ప్రమాదం ఉంది. మంచి ఆవగింజ పైన నున్నగా ఉంటుంది, చిదిమితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకుగా ఉంటుంది, లోపల తెలుపు. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇంగువ: మనం కొనే డబ్బాలో చాలావరకు పిండి, జిగురు ఉంటాయి. గోధుమ పడనివాళ్లు లేబులు చూసుకోవాలి. అసలు ఇంగువ చాలాకాలంగా అఫ్గానిస్థాన్‌, ఇరాన్‌ల వంటి దేశాల నుంచే వస్తోంది. మన నేల మీద పండించే ప్రయత్నంగా 2020 అక్టోబరులో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్‌ లోయలో తొలి మొక్క నాటారు.

మసాలా ప్యాకెట్లు: వెనక ఉన్న దినుసుల జాబితా చదవండి. చాలావాటిలో ఉప్పు కూడా ఒక దినుసే. అలాంటివి వేసినప్పుడు కూరలో విడిగా వేసే ఉప్పు తగ్గించాలి.

నిలవ: పొయ్యి పక్కన గట్టు మీద గాజు సీసాల వరస చూడ్డానికి బాగుంటుంది. వేడి, వెలుతురు, ఆవిరి మూడూ వాసనకు శత్రువులు. గింజలుగా కొని, రెండు మూడు వారాలకు సరిపడా దోరగా వేయించి పొడి కొట్టుకోవాలి. చెమ్మ తగిలి బూజు పట్టిన మిరపకాయలను ఎండబెట్టి వాడకూడదు, బూజు విషాలు ఎండకు పోవు.

ఈ వారం నుంచే

ఒకేసారి అన్నీ మార్చాలని చూస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. మొదటి వారం ఉప్పు డబ్బాలోని చెంచా మార్చండి, కాస్త చిన్నది వెయ్యండి. పప్పుకు పోపు చివర్లో పెట్టడం మొదలుపెట్టండి. రెండో వారం ఊరగాయ బదులు మొదటి ముద్దకు కరివేపాకు కారమో, నువ్వుల పొడో. మూడో వారం వేపుడు ఒకటి మగ్గించి కారం చల్లే పద్ధతిలో చేసి చూడండి. మజ్జిగలో ఉప్పు మాని అల్లం, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు వెయ్యండి. నాలుగో వారానికి పాయసంలో చక్కెర పావు వంతు తగ్గించి యాలకులు ఒకటి రెండు ఎక్కువ దంచండి. తీపి వాసన తగిలినప్పుడు నాలుక తీపిని కాస్త ఎక్కువగానే ఊహించుకుంటుంది.

ఇవన్నీ చేసే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. తక్కువ నూనెతో, తక్కువ ఉప్పుతో రుచిగా వండడానికి ఎక్కువ శ్రద్ధ కావాలి, ఎక్కువసేపు నిలబడాలి. ఆ బరువంతా మళ్లీ ఇంటి ఆడవాళ్ల భుజాల మీదే పడితే అది ఆరోగ్యకరమైన వంట ఎలా అవుతుంది? బీపీ ఎవరికి ఉందో వాళ్లకు పోపు పెట్టడం రావాలి.

మా నాన్న నేర్చుకున్నారు. మొదట్లో ఆవాలు పేలకముందే జీలకర్ర వేసేసి మాడ్చేవారు. ఇప్పుడు చెవి కుదిరింది. బీపీ మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నారు, దానికి పోపు ప్రత్యామ్నాయం కాదని ఆయనకు తెలుసు. ఆవకాయ జాడీ కూడా అటక దిగింది. ఆదివారం ఒక్క ముక్క, అంతే. మొన్న సంక్రాంతికి వచ్చిన బాబాయి పప్పు కలుపుకుని "అన్నయ్యా, ఉప్పు తగ్గినట్టుంది, ఆ డబ్బా ఇలా అందుకో" అన్నాడు. నాన్న డబ్బా అందుకోలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి పోపు గరిటె పెట్టి, ఆవాల చప్పుడు ఆగేదాకా తల పక్కకు వంచి వింటూ నిలబడ్డారు.